విశ్వవిద్యాలయ కంప్యూటర్ సెంటర్ చరిత్ర రాయడం ఎలా

కంప్యూటర్ సెంటర్ చరిత్ర రాయమని పని అప్పగిస్తే చాలామంది ముందుగా ఒక పట్టిక వేస్తారు: ఏ ఏడాది ఏ యంత్రం వచ్చింది, మెమరీ ఎంత, వేగం ఎంత, దాన్ని తీసేసి ఏది పెట్టారు. పట్టిక కావాల్సిందే, చివర అనుబంధంగా వేసుకోవచ్చు. అయితే అదే మోడల్ యంత్రం ఇంకా ఎన్నో చోట్ల ఉండేది. దాని గుణగణాలు తయారీ కంపెనీ మాన్యువల్లో మీరు రాసేదానికన్నా వివరంగా దొరుకుతాయి. మీ సెంటర్లో తప్ప మరెక్కడా దొరకని సంగతి వేరే ఉంది: ఆ యంత్రం దగ్గర ఎవరు క్యూ కట్టారు, ఎంతసేపు ఆగారు, ఎవరి పని ముందు జరగాలో ఎవరు తేల్చారు. కేంద్ర కంప్యూటింగ్ సేవ అంటే ఒక ఖరీదైన వస్తువును చాలామందికి పంచిపెట్టే ఏర్పాటు. ఆ పంపకం ఎలా జరిగిందో చెప్పడమే మీ పని.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1949 మే 6న మొదటి ప్రోగ్రాం నడిపిన ఎడ్సాక్ అనే తొలితరం కంప్యూటర్ దగ్గర ఈ క్యూ కంటికి కనిపించేది. ప్రోగ్రాంను పేపర్ టేపు మీద పంచ్ చేసి తెచ్చి, టేప్ రీడర్ దగ్గర కట్టిన తాడుకు తగిలించేవారు. పగటిపూట ఆపరేటర్లు ఒక్కో టేపూ తీసి యంత్రానికి ఎక్కించేవారు. పనివేళలు ముగిశాక, అనుమతి ఉన్న కొద్దిమంది యూజర్లు తామే యంత్రాన్ని నడుపుకునేవారు. ఏదో ఒక వాల్వు (గాజు బల్బులాంటి వ్యాక్యూమ్ ట్యూబు) మాడిపోయేదాకా ఆ రాత్రి పని సాగేది. షెడ్యూలింగ్ పద్ధతి, సిబ్బంది పనివేళలు, యూజర్లలో పెద్దపీట ఎవరికి, యంత్రాన్ని ఎంతవరకు నమ్మొచ్చు, అన్నీ ఈ నాలుగు వాక్యాల్లోనే ఉన్నాయి. మీ సెంటర్‌లో ప్రతి దశకూ ఇలాంటి నాలుగు వాక్యాలు రాసి చూడండి. ఏ దశకు రాయలేకపోయారో, వెతకాల్సిన కాగితాలు ఆ దశవే.

ఎక్కడ మొదలుపెట్టాలి

మొదటి కంప్యూటర్ వచ్చిన రోజు దగ్గర మొదలుపెట్టడం తేలిక, కానీ తరచూ తప్పు. కేంబ్రిడ్జిలో మేథమెటికల్ లాబొరేటరీ 1937లోనే ఏర్పడింది. అప్పటికి కంప్యూటర్ లేదు. చేత్తో తిప్పే లెక్కల యంత్రాలు, డిఫరెన్షియల్ ఎనలైజర్ లాంటి పరికరాలు ఒకచోట పెట్టి అన్ని విభాగాలకూ అందించాలన్నది ఆలోచన. అంటే అక్కడ యంత్రం కన్నా సేవే ముందు పుట్టింది. మీ దగ్గర కూడా స్టాటిస్టిక్స్ విభాగంలో కాలిక్యులేటర్ల గదో, పరీక్షల విభాగంలో పంచ్‌కార్డులతో మార్కులు కూడే టాబ్యులేటింగ్ యూనిటో ముందే ఉండి ఉండొచ్చు. మొదటి కంప్యూటర్ సిబ్బందిలో కొందరు అక్కడి నుంచే వస్తారు, అక్కడి అలవాట్లనూ వెంట తెస్తారు.

ఇంకో చిక్కు పేర్లతో. కేంబ్రిడ్జి మేథమెటికల్ లాబొరేటరీ 1970లో కంప్యూటర్ లాబొరేటరీ అయింది. నేడు అక్కడ కేంద్ర సేవను చూసే యూనివర్సిటీ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్ 2014లో ఏర్పడింది. పాత పేరుతో వెతికితే కొత్త ఫైళ్లు దొరకవు, కొత్త పేరుతో వెతికితే పాతవి దొరకవు. కాబట్టి ఆర్కైవ్స్‌కు వెళ్లేముందే ఒక కాగితం మీద సెంటర్ పేర్లన్నీ, ప్రతి పేరూ చెల్లిన ఏళ్లు, అది ఏ అధికారి కింద ఉండేది, ఏ కమిటీకి జవాబు చెప్పేది రాసుకోండి. కమిటీ పేర్లు సెంటర్ పేర్లకన్నా తరచుగా మారతాయి.

ఒక యంత్రానికి ఐదు తేదీలు

"ఫలానా ఏడాది కంప్యూటర్ వచ్చింది" అనే వాక్యం రాసేముందు, వచ్చింది అంటే ఏమిటో తేల్చుకోండి. కొనుగోలు ఆర్డర్ ఇచ్చిన తేదీ, పెట్టెలు దిగిన తేదీ, అంగీకార పరీక్షలు పాసైన తేదీ, యూజర్లకు తలుపు తెరిచిన తేదీ, రిబ్బన్ కత్తిరించిన తేదీ. ఐదూ వేర్వేరు, ఒక్కోసారి మధ్యలో ఏడాదిన్నర తేడా. ఎడ్సాక్ మొదటి ప్రోగ్రాం 1949 మేలో నడిచినా, క్రమబద్ధమైన సేవ 1950 మొదట్లోగానీ రాలేదు. పట్టికలో ఐదు గడులు పెట్టి, తెలియనివి ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడి ఉన్నా ఫర్వాలేదు. రిబ్బన్ కత్తిరింపు తేదీని సేవ మొదలైన తేదీ గడిలో వేస్తే మాత్రం, తర్వాత మీరు వేసే లెక్కలన్నీ పక్కదారి పడతాయి.

ముగింపుకూ ఇదే వరస: కొత్త యూజర్లను తీసుకోవడం మానేసిన రోజు, చివరి జాబ్ (యంత్రానికి ఒకసారి ఇచ్చిన పని) నడిచిన రోజు, కరెంటు తీసేసిన రోజు, తుక్కుకు పోయిన రోజు. సేవ పేరు, యంత్రం పేరు ఒకటే అనుకోవద్దు. కేంబ్రిడ్జిలో ఫీనిక్స్ అనే సేవ 1970ల మొదట్లో ఐబీఎం 370/165 మీద మొదలైంది. అడుగున యంత్రం మారినా అదే పేరుతో 1995 దాకా సాగింది. యూజర్లు ఎరిగింది ఫీనిక్స్‌నే. అడుగున ఉన్న మోడల్ నంబరు ఇంజనీర్లకూ అకౌంట్స్ వాళ్లకే పట్టేది.

"మొట్టమొదటి" అన్న మాటను మొదటి చిత్తుప్రతిలో పూర్తిగా కొట్టేయండి. మాంచెస్టర్ బేబీ 1948 జూన్ 21న, అంటే ఎడ్సాక్ కన్నా దాదాపు ఏడాది ముందు, తన మెమరీలోనే ఉంచుకున్న ప్రోగ్రాం నడిపింది. కానీ అది ప్రయోగం కోసం కట్టిన చిన్న యంత్రం. ఎడ్సాక్‌ది రోజూ యూజర్ల పని చేసిపెట్టే సేవ. రెండూ మొదటివే, విశేషణం పూర్తిగా రాస్తేనే. మీ సెంటర్ దేనిలో మొదటిదో అన్ని విశేషణాలతోనూ రాసి చూడండి. వాక్యం మూడు లైన్లు దాటితే ఆ గొప్ప వదిలేయడమే మర్యాద.

ఏ కాగితాల్లో ఏముంటుంది

వార్షిక నివేదికలు అందరికన్నా ముందు చేతికి వస్తాయి, అన్నిటికన్నా తక్కువ చెబుతాయి. యంత్రం 97 శాతం సమయం పనిచేసిందని రాస్తారు. మిగతా 3 శాతం పరీక్షల ముందు వారంలోనే వచ్చిందని రాయరు. యూజర్ల కమిటీ మినిట్స్ చూడండి. అక్కడ ఫిర్యాదులు ఉంటాయి, ఎవరికి ఎంత వాటా అన్న గొడవ ఉంటుంది. మినిట్స్ కన్నా వాటికి జతచేసిన పత్రాలు విలువైనవి. బైండు చేసేటప్పుడు తీసేసేదీ వాటినే. బైండు వాల్యూములో జతపత్రాలు లేకపోతే కమిటీ కార్యదర్శి ఫైలు వేరుగా ఉందేమో అడగండి.

న్యూస్‌లెటర్లు వరసగా దొరికితే మీ అదృష్టం. "వచ్చే సోమవారం నుంచి కార్డులు మధ్యాహ్నం 4 లోపు ఇవ్వాలి" అన్న ఒక్క ప్రకటన మీకు ఒక పేరా ఇస్తుంది. మీ దగ్గర సంచికలు లేకపోతే, మీ సాఫ్ట్‌వేర్‌నే వాడిన తోటి విశ్వవిద్యాలయాలను అడగండి. అవి ఒకరికొకరు న్యూస్‌లెటర్లు పంపుకునేవి. మిషిగన్‌లో 1967లో మొదలైన ఎంటీఎస్ ఆపరేటింగ్ సిస్టంను అమెరికా, కెనడా, బ్రిటన్లలో ఎనిమిది విశ్వవిద్యాలయాలు కలిసి నడిపాయి. వీటిలో ఒకచోట పోయిన కాగితం ఇంకోచోట దొరికే వీలుంది. డబ్బిచ్చిన సంస్థ దగ్గర కూడా చూడాలి. బ్రిటన్‌లో 1966 నాటి ఫ్లవర్స్ నివేదిక తర్వాత విశ్వవిద్యాలయాల కంప్యూటర్లకు కేంద్ర స్థాయిలో కంప్యూటర్ బోర్డు నిధులిచ్చింది. ఇలాంటి ఏర్పాటున్న ప్రతిచోటా మీరు పారేసుకున్న దరఖాస్తు వాళ్ల ఫైల్లో భద్రంగా ఉండొచ్చు. "ప్రస్తుతం జాబ్ తిరిగి రావడానికి ఇన్ని గంటలు పడుతోంది" అన్న బాధ ఆ దరఖాస్తుల్లో అంకెలతో సహా ఉంటుంది. డబ్బు అడిగేటప్పుడు రాసిన అంకెలు కాబట్టి కాస్త తగ్గించి చదువుకోండి.

ఎవరూ తెరవని రెండు రిజిస్టర్లు ఉన్నాయి. ఒకటి స్టాక్ రిజిస్టర్: ఎన్ని టెర్మినళ్లు, ఏ గదిలో, ఏ రోజు తుక్కులో కలిశాయి. రెండోది విశ్వవిద్యాలయం లోపలి ఫోన్ డైరెక్టరీ: ఏడాదికొక సంచిక వరసగా పెట్టి చూస్తే ఎవరు ఎప్పుడు చేరారు, ఏ హోదాలో, ఎప్పుడు కనుమరుగయ్యారు అన్నది తెలుస్తుంది. వార్షిక నివేదికలో పేరు లేని పంచింగ్ సిబ్బంది ఫోన్ డైరెక్టరీలో దొరుకుతారు.

ఎవరు వాడారన్నది తెలియాలంటే థీసిస్‌ల కృతజ్ఞతల పేజీలు తిరగేయండి. మయోగ్లోబిన్ నిర్మాణానికి 1962లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్న జాన్ కెండ్రూ పరిశోధనకు లెక్కలు చేసిపెట్టింది ఎడ్సాకే. ప్రతి అయిదేళ్లకు ఒక ఏడాది ఎంచుకుని, ఆ ఏడాది థీసిస్‌లలో కంప్యూటర్ సెంటర్‌ను తలచినవి విభాగాలవారీగా లెక్కపెట్టండి. భౌతికశాస్త్రం నుంచి ఆర్థికశాస్త్రానికి, అక్కడి నుంచి భాషాశాస్త్రానికి క్యూ ఎలా పాకిందో అంకెల్లో కనబడుతుంది.

కొలతల్లో మోసపోవద్దు

పాత నివేదికలో "32కె మెమరీ" అని ఉంటే అది బైట్లని అనుకోవద్దు, సాధారణంగా పదాలు, అంటే యంత్రం ఒక్కసారిగా పట్టుకునే బిట్ల గుంపులు. పదం పొడవు యంత్రాన్ని బట్టి మారేది: ఐసీఎల్ 1900 వరసలో 24 బిట్లు, ఐబీఎం 7090, పీడీపీ-10లలో 36, అట్లాస్‌లో 48, సీడీసీ 6600లో 60. 32కె అంటే 32,768 పదాలు. 24 బిట్ల యంత్రంలో అది 96 కిలోబైట్లు, 36 బిట్లలో 144, 48 బిట్లలో 192. ఈ లెక్క వేయకుండా రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టి "మెమరీ పెరగలేదు" అని రాస్తే పాత ఇంజనీర్లు ఊరుకోరు.

తేదీలూ ఇంతే. ఐబీఎం లాగుల్లో (యంత్రం పనుల చిట్టాల్లో) 71244 అని కనిపిస్తే అది 1971లో 244వ రోజు, సెప్టెంబర్ 1. అదే 72244 అయితే లీపు సంవత్సరం కాబట్టి ఆగస్టు 31. పీడీపీ-10 ఆపరేటింగ్ సిస్టంలో తేదీకి 12 బిట్లే కేటాయించడంతో 1975 జనవరి 4తో లెక్క నిండిపోయింది. ఆ తర్వాత మార్చకుండా మిగిలిన ఫైళ్లలో 1964 తేదీలు కనిపిస్తే, యంత్రం రాకముందే ఫైలు ఉందని ఆశ్చర్యపోవద్దు. 5/6/72 అని చేత్తో రాసి ఉంటే రోజు ముందా నెల ముందా అన్నది అదే లాగ్‌బుక్కులో 12 దాటిన అంకె ఎక్కడ పడిందో చూసి తేల్చండి.

"యూనిట్లు" అన్నది ఇంకా పెద్ద ఉచ్చు. విభాగాలకు సెంటర్ కేటాయించే కంప్యూటర్ సమయాన్ని డబ్బుగానో యూనిట్లగానో చూపేవారు. అది ఎక్కువగా కాగితం మీది డబ్బే. ప్రాసెసర్ సెకన్లు, మెమరీ, చదివిన కార్డులు, ముద్రించిన లైన్లు కలిపే సూత్రం ఒకటి ఉంటుంది. యంత్రం మారినప్పుడల్లా ఆ సూత్రమూ మారుతుంది. ఆ సూత్రం ఉన్న టారిఫ్ షీటు దొరక్కుండా 1972 యూనిట్లను 1978 యూనిట్లతో పోల్చకండి.

కార్డులు, టేపులు

ఏదో ఒక గదిలో పంచ్‌కార్డుల పెట్టెలు ఉంటాయి. ఒక పెట్టెకు 2,000 కార్డులు, అంగుళం మందానికి సుమారు 143. కార్డుకు 80 నిలువు వరసలు, 12 అడ్డు వరసలు. ముందుగా రబ్బరు బ్యాండ్లు తీసేయండి. ఏళ్లు గడిస్తే అవి కరిగి కార్డుకు అంటుకుంటాయి. అంటుకుపోయిన చోట లాగకుండా పక్కన పెట్టి, కాగితాలు బాగుచేసేవారికి ఇవ్వండి. కార్డుల వరస చెదరనివ్వకండి. కట్ట పై అంచున స్కెచ్ పెన్నుతో గీసిన ఏటవాలు గీత కనిపిస్తే దాన్ని అలాగే ఫొటో తీయండి. కట్ట కిందపడినప్పుడు మళ్లీ పేర్చుకోవడానికి గీసుకున్న గీత అది. ఫోర్‌ట్రాన్ కార్డయితే 73 నుంచి 80 వరకు ఉన్న గడుల్లో వరస నంబరు ఉండొచ్చు. ప్రోగ్రాం 7 నుంచి 72 గడుల మధ్యే ఉంటుంది.

చదివే యంత్రం లేకపోయినా ఫర్వాలేదు. నల్ల కాగితం మీద కార్డు పెట్టి పైనుంచి వెలుతురుతో ఫొటో తీస్తే రంధ్రాలు నల్లగా తేలతాయి, వాటిని అక్షరాలుగా మార్చే చిన్న ప్రోగ్రాం రాసుకోవచ్చు. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఐబీఎం 026 కీపంచ్, దాని తర్వాత వచ్చిన 029 కొన్ని గుర్తులకు వేర్వేరు రంధ్రాలు వేసేవి. బ్రాకెట్ ఉండాల్సిన చోట శాతం గుర్తు, సమాన గుర్తు ఉండాల్సిన చోట # వస్తే కార్డు పాడైందని కాదు, మీరు తప్పు పట్టిక వాడుతున్నారని అర్థం.

మాగ్నెటిక్ టేపుల విషయంలో తొందర వద్దు. అర అంగుళం వెడల్పు, మామూలుగా 2,400 అడుగుల పొడవు. పాతవి 7 ట్రాకులవి, తర్వాతివి 9 ట్రాకులవి. 9 ట్రాకులకు అంగుళానికి 800, 1600, 6250 బైట్ల సాంద్రతలు వాడుకలో ఉండేవి. డ్రైవుకు ఎక్కించే ముందు చేయాల్సినవి ఇవి:

1. రీలు వెనక ప్లాస్టిక్ రింగు ఉంటే తీసేయండి. అది లేకపోతే డ్రైవు టేపు మీద రాయలేదు.
2. లేబుల్‌ను, పెట్టె మీది చేతిరాతను ఫొటో తీయండి. సాంద్రత, ట్రాకులు, బ్లాకు (ఒక్కసారిగా రాసిన రికార్డుల కట్ట) పరిమాణం ఎక్కువగా అక్కడే రాసి ఉంటాయి.
3. వెనిగర్ వాసన వస్తోందా, రీలును వెలుతురుకు పెడితే అంచుల్లోంచి కాంతి దూరుతోందా చూడండి. అవునంటే అది అసిటేట్ టేపు.
4. టేపు జిగురుగా తగిలినా, చుట్టు విప్పుతుంటే అతుక్కున్న చప్పుడైనా అక్కడితో ఆపేయండి.

జిగురు రావడానికి కారణం 1970, 80లలో వాడిన పాలీయురెథేన్ బైండరు గాలిలో తేమ పీల్చుకోవడం. అలాగే నడిపితే పూత ఊడి రీడింగ్ హెడ్‌కు పట్టుకుంటుంది, టేపూ పోతుంది, హెడ్డూ మూసుకుపోతుంది. సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి నియంత్రిత వేడిలో ఆరబెడితే కొద్దిరోజులు చదవడానికి వీలవుతుంది. అది అనుభవమున్న ప్రయోగశాల పని, వంటింటి ఓవెన్‌తో పోయేది కాదు. అసిటేట్ టేపుకు ఈ వైద్యం పనికిరాదు, వేడికి వంకర తిరుగుతుంది.

చదివిన తర్వాత టేపును నేరుగా టెక్స్ట్ ఫైలుగా మార్చేయకండి. బ్లాకుల హద్దులు, ఫైలు ముగింపు గుర్తులు కూడా నిలిచేలా ఇమేజ్ తీయండి, దానికి ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే వేలిముద్ర లాంటి అంకె) రాసి పెట్టండి, తర్వాతే నకలు మీద పని చేయండి. తెరిస్తే అంతా పిచ్చి గుర్తులై మధ్యమధ్య @ గుర్తులు బారులు తీరి కనిపిస్తే అది ఎబ్సిడిక్, ఐబీఎం పెద్ద యంత్రాలు అక్షరాలకు వాడిన సంకేతం. అందులో ఖాళీకి ఉన్న విలువ, నేటి యంత్రాలు వాడే ఆస్కీ సంకేతంలో @ అవుతుంది.

బ్లాకుల సంగతి చరిత్రకు ఎందుకంటారా? 1600 సాంద్రత టేపు మీద 80 బైట్ల కార్డు ప్రతులను ఒక్కొక్కటిగా రాస్తే, ఒక్కో రికార్డుకు 0.05 అంగుళం, దాని తర్వాత ఖాళీ 0.6 అంగుళం. 28,800 అంగుళాల టేపులో పట్టేది సుమారు 44,300 కార్డులు, అంటే మూడున్నర మెగాబైట్లు. అవే 40 చొప్పున కట్టకట్టి రాస్తే 35 మెగాబైట్లు పడతాయి. న్యూస్‌లెటర్లలో "దయచేసి టేపులను బ్లాక్ చేయండి" అని సలహాదారులు పదేపదే ఎందుకు వేడుకున్నారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. పది టేపులు ఎక్కించే చోట ఒకటి చాలితే ఆపరేటర్‌కు ఎంత నడక తగ్గుతుందో, వెనక ఉన్నవాళ్ల క్యూ అంత త్వరగా కదులుతుంది.

లైన్ ప్రింటర్ కాగితాల మడతలను చిల్లుల గీత దగ్గర చింపకండి. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉన్న పేరు, తేదీ, జాబ్ నంబరు ఆ మొత్తం కట్టకు ఆధారం. పచ్చ చారల కాగితమైతే రంగుల్లోనే స్కాన్ చేయండి. నలుపు-తెలుపులో తీస్తే చార మీద పడిన వెలిసిన సిరా మాయమవుతుంది.

క్యూ పొడవు లెక్కకట్టడం

ఈ పనిలో అన్నిటికన్నా శ్రమ ఇక్కడే, ఫలమూ ఇక్కడే. ఆపరేటర్ లాగులో కానీ అకౌంటింగ్ రికార్డులో కానీ ప్రతి జాబ్‌కు చదివిన సమయం, మొదలైన సమయం, ముగిసిన సమయం, వీలైతే ముద్రణ ముగిసిన సమయం ఉంటాయి. ఏడాది మొత్తం ఎక్కించాలని కూర్చోవద్దు. ఏడాదికి నాలుగు వారాలు చాలు: టర్ము రెండో వారం, టర్ము మధ్య, థీసిస్ గడువుకు ముందు వారం, సెలవుల్లో ఒక వారం. నాలుగేళ్లకొక ఏడాది చొప్పున తీసుకుంటే పని చేతిలో ఉంటుంది.

సగటు వేయకండి. రాత్రంతా నడిచిన ఒక్క జాబ్ సగటును పాడుచేస్తుంది. మధ్యగతం (వరసగా పేర్చితే సరిగ్గా నడుమ పడే జాబ్ సమయం) తీయండి, దానితోపాటు పదింటిలో తొమ్మిది జాబులు ఎంతలోపు వచ్చాయో తీయండి. ఈ రెండు అంకెల మధ్య దూరమే యూజర్ల కోపానికి కొలత. మధ్యగతం 2 గంటలు, పదిలో తొమ్మిదోది 20 గంటలు అయితే, ఇవాళ ఇచ్చిన కార్డులు ఇవాళే వస్తాయో రేపొస్తాయో ఎవరూ చెప్పలేరన్నమాట.

తప్పులు జరిగే చోట్లు కొన్ని. యంత్రం గడియారం మొదలయ్యేది కార్డులు రీడర్‌లోకి వెళ్లాక. కౌంటర్ మీది ట్రేలో కట్ట ఎంతసేపు పడి ఉందో దానికి తెలియదు. లాగు అరగంట అంటుంది, విద్యార్థి పూట పట్టింది అంటాడు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు. కౌంటర్ రసీదులు దొరికితే వాటితో సరిచూడండి. యంత్రం ఆగి మళ్లీ మొదలైనప్పుడు అదే జాబ్ కొత్త నంబరుతో మళ్లీ లాగులో పడుతుంది, రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉంది. ఆపరేటర్ చేత్తో కొట్టిన తేదీ తప్పయితే ఆ రోజంతా ముందు రోజులోకి జరుగుతుంది. పగటి వెలుతురు కోసం గడియారాలు ముందుకు వెనక్కు జరిపే దేశాల్లో ఆ రెండు రాత్రులనూ వదిలేయండి.

జాబ్ తరగతుల నియమాలు చదవకుండా ఈ అంకెలకు అర్థం చెప్పొద్దు. చిన్న జాబులకు ఎక్స్‌ప్రెస్ వరస పెట్టగానే జనం పెద్ద జాబును ముక్కలు చేసి ఎక్స్‌ప్రెస్‌లో పెట్టడం మామూలే. అప్పుడు జాబుల సంఖ్య ఒక్కసారిగా పెరిగి, వాడకం పెరిగినట్టు నివేదికలో గర్వంగా కనిపిస్తుంది. ప్రాసెసర్ సమయం కూడా పెరిగిందేమో చూడండి. పెరగకపోతే పెరిగింది తెలివితేటలే.

టెర్మినళ్ల తర్వాత

టైమ్‌షేరింగ్‌తో, అంటే ఒకే యంత్రాన్ని చాలామంది టెర్మినళ్ల నుంచి ఒకేసారి వాడుకునే పద్ధతితో, క్యూ మాయం కాలేదు, చోటు మారింది. ఎంఐటీలో సీటీఎస్ఎస్ అనే టైమ్‌షేరింగ్ వ్యవస్థను 1961 నవంబరులో ప్రదర్శించారు. డార్ట్‌మత్‌లో కెమెనీ, కర్ట్జ్‌ల బృందం 1964 మే 1న బేసిక్ భాషతో టైమ్‌షేరింగ్ నడిపింది. అప్పట్నుంచి జనం ఆగింది టెర్మినల్ గది కుర్చీ కోసం, ఫోన్ లైన్ కోసం, ఖాళీ పోర్టు కోసం. కాబట్టి టెర్మినళ్ల సంఖ్యతో ఆగకుండా, ఒకేసారి ఎంతమంది లాగిన్ కావచ్చన్న పరిమితి, గది తెరిచి ఉండే వేళలు, బుకింగ్ పుస్తకం వెతకండి. టెలిటైప్ 33 అనే టైపు యంత్రంలాంటి టెర్మినల్ సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. 200 లైన్ల ప్రోగ్రాం లిస్టింగు, లైనుకు 40 అక్షరాలు అనుకుంటే, ముద్రించడానికే 13 నిమిషాలు. అంతసేపూ కుర్చీ ఖాళీ కాదు.

నెట్‌వర్కుల కాలంలో పాత ఈమెయిలు చిరునామాలు తిప్పి చదవాల్సి రావచ్చు. 1984లో మొదలైన బ్రిటన్ విశ్వవిద్యాలయాల నెట్‌వర్కు జానెట్‌లో దేశం ముందు, యంత్రం చివర రాసేవారు, నేటి పద్ధతికి సరిగ్గా తలకిందులు. కంప్యూటర్ సైన్స్ విభాగానికి పెట్టుకున్న సీఎస్ అనే చివరి ముక్కను ఎదురు దిక్కునుంచి చదివితే చెకోస్లొవేకియా దేశ సంకేతం అయ్యేది. ఈ తలకిందుల పద్ధతి మారిన ఏడాది హెల్ప్‌డెస్క్ రికార్డులు ఉంటే చదివి ఆనందించండి.

పర్సనల్ కంప్యూటర్లు, వెబ్ వచ్చాక సెంటర్ చరిత్ర చాలావరకు హెల్ప్‌డెస్క్ టికెట్ల చరిత్ర, డిస్క్ కోటాల చరిత్ర. ఈ దశ కాగితం మీద లేదు. టికెట్ వ్యవస్థ మార్చేటప్పుడు పాత డేటాబేసు పారేస్తారు. ఇప్పుడే ఒక డంప్ అడిగి తీసుకోండి. పరిశోధన క్లస్టర్ మీద స్లర్మ్ (జాబులను క్యూలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తుంటే దాని అకౌంటింగ్ పట్టికలో జాబ్ ఇచ్చిన, మొదలైన, ముగిసిన సమయాలు ఉంటాయి. అవి 1970ల లాగులో మీరు చూసిన గడులే. రెండింటి మధ్యగతాలు ఒకే గ్రాఫులో వేయండి. యంత్రం లక్షల రెట్లు వేగం పెరిగినా మనిషి ఆగే గంటలు పెద్దగా తగ్గకపోతే, ఆ బొమ్మ చాలా పేజీల పెట్టు.

మనుషులతో మాట్లాడటం

డైరెక్టర్లను చివర్లో కలవండి. వాళ్ల మాట వార్షిక నివేదికల్లో ఇప్పటికే ఉంది. ముందు రాత్రి షిఫ్టు ఆపరేటర్లను, పంచింగ్ సిబ్బందిని, ప్రోగ్రామింగ్ సలహాదారులను, టేప్ లైబ్రరీ చూసినవారిని కలవండి. "ఏ ఏడాది" అని అడిగితే పదేళ్లు అటూ ఇటూ చెబుతారు. "ఏ గదిలో, తలుపు ఎటు ఉండేది, ట్రే ఎక్కడ పెట్టేవారు" అని అడగండి. గది చెబితే ఏడాది మీరే స్టాక్ రిజిస్టర్‌తో తేల్చుకోవచ్చు. భవనం ప్లాను నకలు, రెండు మూడు పాత ఫొటోలు వెంట తీసుకెళ్లండి. గంటన్నర దాటితే పెద్దవాళ్లు అలసిపోతారు, ఇంకో రోజు వెళ్లండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలుగా రికార్డు చేస్తే మోనోలో గంటకు సుమారు 520 మెగాబైట్లు అవుతుంది. రికార్డింగుకూ ప్రచురణకూ విడివిడిగా రాతపూర్వక అనుమతి తీసుకోండి.

ఇద్దరు ఒకే సంఘటనను ఒకే మాటల్లో చెబితే నమ్మకం పెంచుకోకండి. వీడ్కోలు సభల్లో పదిసార్లు చెప్పుకున్న కథ అయి ఉంటుంది. విడివిడిగా, వేర్వేరు వివరాలతో చెప్పిన దానికే బరువెక్కువ.

టేపుల్లో, లిస్టింగుల్లో దొరికినదంతా మీది కాదు. పరీక్షల మార్కులు, జీతాలు, పరిశోధనలో పాల్గొన్న రోగుల వివరాలు అవే రీళ్లలో ఉంటాయి. పాస్‌వర్డుల ఫైలు కూడా ఉండొచ్చు. 1960లలో సీటీఎస్ఎస్‌లో ఎడిటర్ తాత్కాలిక ఫైళ్లు రెండు తారుమారై, లాగిన్ అయిన ప్రతివారికీ ఆ రోజు సందేశం బదులు అందరి పాస్‌వర్డులూ కనిపించిన ఘటన ఉంది. ఇమేజ్ తీసిన వెంటనే నకళ్లు పంచకుండా, ముందు లోపల ఏముందో చూసి, వ్యక్తుల వివరాలున్నవి ఆర్కైవ్స్‌లో మూసిన విభాగంలో పెట్టించండి.

అచ్చయ్యాక

పుస్తకం బయటికి వచ్చిన నెలలోనే పెట్టెలు రావడం మొదలవుతుంది. ఎడ్సాక్‌ను 1958లో ఆపేసి విడగొట్టారు. 2014లో, దాన్ని మళ్లీ కడుతున్న సమయంలో, 19 సర్క్యూట్ డ్రాయింగులు ఒక విశ్రాంత ఇంజనీరు దగ్గర బయటపడ్డాయి. పారేయడానికి నడవాలో పోగేసిన కాగితాల్లోంచి ఆయన వాటిని తీసి దాచుకున్నారు. అందుకే పుస్తకంలో ఒక చిరునామా ఇవ్వండి. పని ముగిశాక కూడా చెల్లేలా అది ఆర్కైవ్స్ చిరునామా అయితే మంచిది. వచ్చిన ప్రతి పెట్టెకూ రసీదు ఇచ్చి, ఎవరిచ్చారు, వాళ్ల చేతికి ఎలా వచ్చింది అన్నది అదే రోజు రాసుకుని, వరస చెదరకుండా నంబరు వేయండి. పట్టికలో ఖాళీగా వదిలిన గడులను పెన్సిలుతో నింపడం అప్పుడు మొదలుపెట్టొచ్చు.